వాక్కాయ సాసు, ఇనప మూకుడు

మా బాల్కనీలో ఒక కుండీ ఉంది. అందులో మట్టి తప్ప ఇంకేమీ లేదు. రోజూ పొద్దున లేవగానే మా పాప, పళ్ళయినా తోముకోకుండా, దాని ముందు చతికిలబడి ముక్కు మట్టికి ఆనేంతగా వంగి చూస్తుంది. తర్వాత తలెత్తి నా వైపు చూస్తుంది. మట్టిని చూసినందుకు నాకేం ఇబ్బంది లేదు. నన్ను చూడ్డమే కష్టంగా ఉంది.

ఇది నేను కోరి తెచ్చుకున్న తంటా. వానలు పడ్డాక విశాఖ రైతుబజారులో వాక్కాయలు కనిపించాయి. పచ్చివైతే పప్పులోకీ పచ్చట్లోకీ అందరూ కొంటారు. ఇవి బాగా పండి నల్లబారినవి. అడిగేవాళ్ళు లేక అమ్మే ఆవిడ వాటిని గోనెపట్టా చివరికి నెట్టేసింది. నేను మొత్తం సంచిలో పోయించుకున్నాను. ఇంటికొచ్చి ఉడకబెట్టి, పలచటి గుడ్డలో వడగట్టి, బెల్లం వేసి సాసు కాచాను. గుడ్డలో మిగిలిన తుక్కు చెత్తబుట్టలో వేయబోతుంటే పాప నా చెయ్యి పట్టుకుంది.

"ఈ గింజలు నాటితే మొక్కలొస్తాయా అమ్మా?"

"ఎందుకు రావు? నీ అంత ఉన్నప్పుడు నేను నాటితే ఏకంగా కంచె వచ్చింది" అన్నాను.

నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను. చదువులోనూ ఆటల్లోనూ చెప్పుకోడానికి ఏమీ లేదు కాబట్టి అలవాటు కాలేదు. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరడిగినా, అడక్కపోయినా చెబుతాను. ఆ కంచె ఇప్పటికీ ఉంది. మా నాన్న రోజూ దాని పక్కనే కుర్చీ వేసుకుని టీ తాగుతాడు.

మాది అప్పుడు జంషెడ్‌పూర్. కద్మాలో ఉక్కు కంపెనీ క్వార్టరు. రెండు గదులు, ముందు వరండా, వెనక పెరడు. తాత శ్రీకాకుళం వైపు నుంచి మీసాలు రాని వయసులో వచ్చి కంపెనీలో చేరాడు. నాన్న ఆ ఊళ్ళోనే పుట్టాడు, నేనూ అక్కడే పుట్టాను. అయినా 'మీదే ఊరు' అని ఎవరైనా అడిగితే ఇంటిల్లిపాదీ తాత ఊరి పేరే చెప్పేవాళ్ళం. నేనైతే ఆ ఊరు అప్పటికి చూడనైనా లేదు.

ఇంట్లో భాష కూడా అలాగే కలగాపులగంగా ఉండేది. నానమ్మ తెలుగులో పిలిస్తే నేను హిందీలో పలికేదాన్ని. "ఆ బాస నీ బళ్ళో మాటాడుకో. నా పొయ్యికాడ తెలుగే" అనేది నానమ్మ. పొయ్యి దగ్గర ఏదో ఒకటి నోట్లో పడుతుంది కాబట్టి నాకు తెలుగు వచ్చింది.

తాత మాత్రం ఏ భాషా పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆయన పనిచేసిన మిల్లులో ఎంత మోత అంటే, పక్కన నిలబడి అరిచినా వినపడదట. అందుకని అక్కడ అందరూ చేతులతోనే చెప్పుకునేవాళ్ళు. అది ఇంటికి కూడా వచ్చేసింది. మంచినీళ్ళు కావాలంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టేవాడు. అన్నం చాలంటే అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. సరే అనడానికి చెయ్యి భుజం దాకా ఎత్తి దించేవాడు. "మిల్లు ఆపీసినా మీ తాత నోరు తెరవడు" అని నానమ్మ నాతో చెప్పేది, ఆయనకి వినపడేటట్టుగానే.

పెరట్లో మాకూ పక్క క్వార్టరు చాచీకీ మధ్య వాక్కాయ కంచె ఉండేది. క్వార్టరు వచ్చిన కొత్తలో మేకలు రాకుండా తాతే నాటాడట. చాచీ అంటే పిన్ని వరస, ఆమెది బీహార్లో ఛప్రా వైపు. ఆమె కరౌందా అనేది, మేం వాక్కాయ అనేవాళ్ళం. ఎండాకాలం తెల్లటి పూలు పూసి పెరడంతా మల్లెల వాసన వచ్చేది. వానలు మొదలయ్యేసరికి కాయలు గులాబీ రంగు తిరిగి, తర్వాత ఎర్రబడి, ఆఖరికి నల్లబడేవి. ముళ్ళు మాత్రం అన్ని కాలాల్లోనూ ఒకేలా ఉండేవి.

చాచీకి ఊరగాయ కోసం పచ్చివి కావాలి, నానమ్మకి పండినవి కావాలి. అందుకని కంచె గురించి ఆ ఇద్దరికీ ఎప్పుడూ పేచీ రాలేదు. ఇటు పచ్చా అటు పండూ కానివాటికి వారసులం మేం పిల్లలం. ఉప్పూ కారం పొట్లం కట్టుకుని, దోరకాయలు గౌను జేబులో వేసుకుని బడికి పోయేదాన్ని. లెక్కల క్లాసులో ఒక్కోటీ కొరికేదాన్ని. వాక్కాయకి పాలుంటాయి. అవి పెదాలకి అంటుకుని బంకలా బిగుసుకునేవి. టీచరు ప్రశ్న అడిగితే నోరు తెరవలేక నిలబడిపోయిన రోజులున్నాయి. నాకు జవాబు తెలియదన్న సంగతి అలా బయటపడకుండా పోయేది.

సాసు సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో టమాటా సాసు సీసా అంటే మా క్వార్టర్ల వరసలో అపురూపం. ఎవరింట్లోనో అయిపోయిన ఖాళీ సీసాలని నానమ్మ అడిగి తెచ్చుకునేది. బూడిదతో తోమి, వేణ్ణీళ్ళలో కడిగి, ఎండబెట్టి, వాటిలో తన వాక్కాయ రసం నింపేది. సీసా సాసుదే కాబట్టి లోపలున్నదీ సాసే అయింది. చపాతీలోకి, పెరుగన్నంలోకి, సాయంత్రం కొట్లో తెచ్చిన సింగారాల్లోకి అదే. సింగారాలంటే మన సమోసాలే.

చెయ్యడం ఏమంత కష్టం కాదు. చేతులకి నూనె పట్టించుకోవాలి, లేకపోతే ఆ పాలు వేళ్ళకి అంటుకుని నల్లగా మారి ఎంత రుద్దినా పోవు. పళ్ళు తొడిమలు తీసి, రెండు ముక్కలుగా చీల్చి, మునిగీ మునగనట్టు నీళ్ళు పోసి రాచ్చిప్పలో సన్నసెగ మీద పెట్టాలి. పులుపు ఏదైనా నానమ్మ ఆ రాతిచిప్పలోనే కాచేది. పళ్ళు పగిలి మెత్తబడ్డాక పాత పంచె గుడ్డలో వేసి పిండాలి. గింజా తొక్కా గుడ్డలో ఉండిపోతాయి. కిందికి దిగిన ఎర్రటి రసంలో బెల్లం, ఉప్పు, కాస్త ఎండుకారం, వేయించి నలిపిన జీలకర్ర వేసి మళ్ళీ కాచాలి. అప్పుడు లేచే వాసన ఉంది చూడండి, బెల్లం తీపి ముందు తగిలి, వెనకాలే పులుపు వచ్చి దవడలు లాగేది. కంచంలో ఒక చుక్క వేసి వంచి చూడాలి. జారిపోతే ఇంకా కావాలి, నిలబడితే దించెయ్యాలి. ఆ చుక్క నాకడం నా పని. జారినా నిలబడినా నేను నాకేదాన్ని కాబట్టి నానమ్మ నా మాట మీద ఎప్పుడూ చిప్ప దించలేదు.

తాత రిటైరయ్యే ఏడు వచ్చింది. కంపెనీ ఇల్లు కంపెనీకి అప్పజెప్పాలి. నాన్న అప్పటికి ఊరి అవతల గోవింద్‌పూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేసేవాడు. దానికి దగ్గరలోనే కాస్త స్థలం తీసుకుని రెండు గదులు వేశాడు. ఒక ఆదివారం ఆటోలో ఇరుక్కుని అందరం చూడ్డానికి వెళ్ళాం. ఇల్లు బాగానే ఉంది. చుట్టూ మాత్రం ఎర్రమట్టి, ఇటుకముక్కలు, గోడలు ఇంకా పైకి లేవని ఇళ్ళు. నానమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"సెట్టు నేదు, సేమ నేదు. ఈడ నానేటి సూసుకోను?"

"గాలి బాగా వత్తాదమ్మా" అన్నాడు నాన్న.

"గాలి కాదు, దుమ్మొత్తాది."

ఆ రాత్రి భోజనాలప్పుడు ఆమె చాలా మామూలుగా చెప్పింది. "నాను రాను. మా తమ్ముడింటికి ఎల్లిపోతాను. మీరుండండి." అందరం ఊరికే అంటోంది అనుకున్నాం. మర్నాడు మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగి చీరలు సర్దడం మొదలుపెట్టింది.

నేను పుట్టిన దగ్గర్నుంచి నానమ్మ పక్కలోనే పడుకుంటున్నాను. ఆమె చీర కొంగు ముక్కు దగ్గర లేకపోతే నాకు నిద్ర పట్టదు. తాత దగ్గరికి పరిగెత్తాను.

"తాతా, నువ్వు చెప్పు. ఉండమను."

"నానేటి సెప్తాను?" అన్నాడు తాత. తర్వాత చాలాసేపు పెరట్లో కంచె దగ్గర నిలబడ్డాడు.

రిటైరైన రోజు తోటివాళ్ళు ఆయనకి పూలదండ వేసి, శాలువా కప్పి, ఒక పెద్ద ఇనప మూకుడు ఇచ్చారు. తామే దగ్గరుండి కమ్మరి చేత చేయించారట. మందమైన రేకు, రెండు పక్కలా చెవులు, ఎత్తాలంటే నాకు రెండు చేతులూ చాలవు. తాతకి అది చూస్తే కళ్ళల్లో వెలుగు. వేలి మెటికతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని మోత వినేవాడు. నా చెవి దగ్గరా పెట్టేవాడు. "ఇనుం అంటే ఇది" అనేవాడు.

మారడానికి ముందు వారం నానమ్మ ఆఖరిసారి సాసు పెట్టాలనుకుంది. కంచెకి ఉన్న పళ్ళన్నీ కోసింది. మా వరసలో ఇంటికో సీసా ఇచ్చి వెళ్ళాలని ఆమె కోరిక. సీసాలన్నీ వరండాలో బోర్లించి పెట్టింది. పళ్ళు చీల్చి గిన్నెలో పోసేసరికి పక్కింట్లో చాచీ పిలిచింది, సత్యనారాయణ వ్రతం కథ మొదలవుతోందని. "ఎవులూ ముట్టకండి, వచ్చి సేత్తాను" అని చెప్పి వెళ్ళింది. అమ్మ కూడా వెళ్ళింది. ఇంట్లో నేనూ తాతా మిగిలాం.

రిటైరైన మగవాడికి ఇంట్లో ఏం చెయ్యాలో తెలియదు. తాత కాసేపు వరండాలో తిరిగాడు. కాసేపు సీసాలు సర్దాడు. తర్వాత వంటింట్లోకి వచ్చి పళ్ళ గిన్నె వైపు చూశాడు. కోపంగా ఉన్న పెళ్ళానికి పని తప్పిస్తే కాస్త మెత్తబడుతుందని ఆయన అనుకుని ఉంటాడు. ఆయన వంటింట్లోకి రావడం నేను చూడ్డం అదే మొదలు.

రాచ్చిప్పని అప్పటికే గడ్డిలో చుట్టి గోనెసంచిలో పెట్టి కుట్టేశారు, నానమ్మ వచ్చాక విప్పుదామనుకుంది. తాత ఆ సంచి చూశాడు, మూకుడు చూశాడు. నాకేసి చూసి నవ్వాడు. మూకుడు పొయ్యి మీదికి ఎక్కింది.

ఇనుముతో జీవితమంతా గడిపినవాడికి ఇనుము మీద అనుమానం ఎందుకొస్తుంది? మా ఇద్దరికీ భలే సరదాగా ఉంది. పళ్ళు పగిలే దాకా బాగానే ఉంది. తర్వాత రంగు మారడం మొదలైంది. ఎరుపు కాస్తా వంకాయ రంగైంది. "మాగుతాంది" అన్నాడు తాత. వంకాయ రంగు సిరా రంగైంది. తాత మంట పెంచాడు. గుడ్డలో పిండి, బెల్లం వేసి మళ్ళీ మూకుట్లోనే కాచాం. నానమ్మ వచ్చేసరికి మూకుట్లో నల్లటి పదార్థం బుడగలు వేస్తోంది. వాసన చూస్తే తుప్పుపట్టిన కుళాయి వాసన.

నానమ్మ గరిటెతో ఎత్తి చూసింది. ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చింది.

"బాగుందయ్యా. రోడ్డుకెయ్యి" అంది.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, సంగతి చూసి, మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు. తాత మూకుడు వైపు, గిన్నె వైపు చూసి, "ఇనుం మంచిదే. కాయల్లోనే ఏదో ఉంది" అన్నాడు.

అక్కడ ఒక్క మాట, పొరపాటైంది అన్న ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆ మాట ఆయన నోట్లోంచి రాదు. నానమ్మ బోర్లించిన సీసాలని ఒక్కొక్కటే తీసి మళ్ళీ బుట్టలో సర్దేసింది. ఆమె తిడితే భయం లేదు, తిట్టకపోతేనే భయం. తాత పెరట్లో కూర్చుని చీకటిపడే దాకా మూకుడు బూడిదతో తోముతూనే ఉన్నాడు.

చాచీకి గోడల్లోంచి కూడా అన్నీ వినపడేవి. మర్నాడు పొద్దున్నే కంచె మీదుగా ఒక గిన్నె అందించింది. "మాజీ, మేరీ తరఫ్ కే హై. థోడే హీ బచే థే" అంది. తన వైపు పండినవి, ఊరగాయకి కొయ్యగా కాసిని మిగిలాయట. నానమ్మ గోనెసంచి కుట్లు విప్పింది, రాచ్చిప్ప బయటికి తీసింది. ఆ పళ్ళతో ఒక్క సీసా సాసు అయింది. వరసలో ఇంటింటికీ సీసా బదులు గరిటెడు గిన్నెలో వేసి పంపింది. మిగిలింది సీసాలో పోసి బిరడా బిగించింది.

గుడ్డలో గింజలు ఉండిపోయాయి. నేను వాటిని చూస్తున్నాను. నాకు గొప్ప ఆలోచన వచ్చింది.

"నానమ్మా, ఇవి కొత్తింట్లో నాటేద్దాం. కంచె వచ్చేస్తుంది. ఫిర్ తో రహోగీ నా?" అప్పుడైతే ఉంటావు కదా అని. కంగారులో హిందీ వచ్చేసింది. నానమ్మ ఆ రోజు భాష గురించి ఏమీ అనలేదు.

ఆమె గుడ్డ వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత గుమ్మం దగ్గర మూకుడు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తాత వైపు చూసింది.

"సరే. ఇవి మొలిత్తే ఉంతాను. మొలవకపోతే మా తమ్ముడింటికి ఎల్తాను. అందరూ ఇన్నారు గదా?"

అందరూ అంటే అక్కడున్నది మేం ముగ్గురమే. తాత చెయ్యి భుజం దాకా ఎత్తి దించాడు.

ఆదివారం నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని గోవింద్‌పూర్ తీసుకెళ్ళాడు. సాక్చి బజారులో రిక్షాల మధ్య ఇరుక్కుని, దిగి నడిచి, మళ్ళీ ఎక్కి, పోయేసరికి ఒక పూట పట్టింది. గునపంతో స్థలం చుట్టూ వరసగా చిన్న గుంతలు తీశాడు. నేను ఒక్కో గుంతలో రెండేసి గింజలు వేశాను. తాత నా వెనకే వంగి మట్టి కప్పి, అరచేత్తో మెల్లగా ఒత్తాడు. ఆయన ముఖం చాలా గంభీరంగా ఉంది. పని అంటే ఆయనకి ఎప్పుడూ అంతే అనుకున్నాను.

తర్వాత నాలుగు రోజులకి లారీలో మారాం. నానమ్మ వచ్చింది, కానీ చుట్టంలా వచ్చింది. ట్రంకుపెట్టెకి కట్టిన కొబ్బరితాడు విప్పలేదు, పెట్టెని మంచం కిందికి నెట్టలేదు. గుమ్మం పక్కనే పెట్టించింది. బడికి పోతూ ఆ పెట్టె చూసేదాన్ని, వచ్చాక గింజలు నాటిన వరస చూసేదాన్ని. గడ్డి మొలిచింది, తుమ్మి మొలిచింది, వాక్కాయ మొలవలేదు. ఒక సాయంత్రం అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

"ఊరుకో గుంటా. గింజకి గింజ టైముంతాది" అంది నానమ్మ. కొంగుతో నా కళ్ళు తుడిచి, తన కళ్ళు కూడా తుడుచుకుంది. వరండాలో తాత బీడీ ముట్టించబోయి మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

మర్నాడు ఆయన కద్మాలో పాత స్నేహితుల్ని చూసొస్తానని సైకిల్ తీశాడు. సాయంత్రం నేను బడి నుంచి వచ్చి చాలాసేపయ్యాక వచ్చాడు. ఆ మర్నాడు నేను బడికి పోయేటప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. ఆయన ముంజేతుల నిండా గీతలు, వేళ్ళన్నీ నల్లగా ఉన్నాయి.

"ఈ గీతలేటి మావా?" అని అడిగింది అమ్మ.

"సైకిలు తుప్పల్లో పడిపోనాది."

"మరి ఆ నలుపు?"

"గొలుసు ఊడిపోనాది. గ్రీజు."

నానమ్మ లేచి కొబ్బరినూనె సీసా తెచ్చింది. గ్రీజుకి కిరసనాయిలు కదా అని అమ్మ అంటున్నా వినిపించుకోలేదు. తాత పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో వేలూ నూనెతో రుద్దింది. తాత తల తిప్పుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళిద్దరూ అలా కూర్చోవడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. అందుకే నాకు బడికి ఆలస్యమైనా కదల్లేదు.

వానాకాలం ఇంకా పోలేదు. ఒక పొద్దున వాన వెలిసి ఎండ కాసింది. నేను కళ్ళు నులుముకుంటూ పెరట్లోకి వెళ్ళాను. వరస పొడుగునా మొలకలు. ఒక్కోదానికి రెండేసి ఆకులు, ఇంకా ముడుచుకునే ఉన్నాయి. నేను గుంతల్లో వేసిన చోట్లే కాదు, కాస్త అటూ ఇటూ కూడా వచ్చాయి. వాన నీళ్ళకి గింజలు కొట్టుకుపోయి ఉంటాయని నేనే తేల్చుకున్నాను. నా కేకలకి పక్కింటివాళ్ళు కూడా బయటికి వచ్చారు.

నానమ్మ వచ్చి వంగి చూసింది. వేలితో ఒక మొలకని తాకింది. నా తల మీద చెయ్యి వేసి, తాతతో, "నీల్లు నిలబడితే కుల్లిపోతాయి. ఇటు కాలవ తియ్యి" అంది. అంతే. లోపలికి వెళ్ళి కొబ్బరితాడు విప్పింది. ట్రంకుపెట్టె మంచం కిందికి వెళ్ళిన చప్పుడు నాకు పెరట్లోకి వినపడింది. ఆ రాత్రి చపాతీల్లోకి సీసా బిరడా తీసింది. అడుగున ఒక చుక్క కూడా మిగల్చకుండా అందరం తిన్నాం.

ఆ తర్వాత ఏళ్ళన్నీ సుఖంగానే గడిచాయి. కంచె నా మోకాలి దాకా వచ్చింది, నడుం దాకా వచ్చింది, నన్ను దాటింది. పూత వచ్చిన మొదటి ఏడు చాచీ కద్మా నుంచి ఆటోలో వచ్చి చూసి వెళ్ళింది. రాచ్చిప్పలో మళ్ళీ సాసు ఉడికింది. ఇనప మూకుడు పకోడీలకి, అప్పడాలకి స్థిరపడింది. తాత వంటింటి గుమ్మం దగ్గరికి వస్తే చాలు, "పులుపు ముట్టినావో, మూకుడు బయట పారెత్తాను" అనేది నానమ్మ. ఇంటికి ఎవరొచ్చినా తాత వాళ్ళని కంచె దగ్గరికి తీసుకెళ్ళి, నా వైపు వేలు చూపించి, "మా గుంట నాటింది" అనేవాడు. నోటితోనే చెప్పేవాడు. ఆయన పోయాక ఆ మాట నానమ్మ చెప్పింది. నానమ్మ కూడా ఆ ఇంట్లోంచే, ఆ కంచె పక్క నుంచే వెళ్ళింది.

ఇదీ నా గొప్ప. అందుకే పాపకి అంత ధీమాగా చెప్పాను. కుండీ మాత్రం నా మాట వినలేదు. నిన్న ఇక ఆగలేక నాన్నకి ఫోన్ చేశాను.

"నానా, వాక్కాయ గింజలు మొలవడానికి ఎన్నాళ్ళు పడుతుంది? పాప రోజూ ప్రాణం తీస్తోంది."

"ఏ గింజలే?"

"సాసు చేశాక గుడ్డలో మిగుల్తాయి కదా, అవే."

అవతల నవ్వు మొదలైంది. నవ్వి, దగ్గి, అమ్మని పిలిచి చెప్పి, ఇద్దరూ నవ్వారు.

"ఉడకబెట్టిన గింజ ఎక్కడైనా మొలుత్తాదేటే పిచ్చిదానా?"

"నావి మొలిచాయి కదా."

"మీ తాత కద్మా ఎల్లి, చాచీ వైపు కంచెలో దూరి, ముగ్గిన పల్లు కోసుకొచ్చి నాటినాడు. నువ్వు బడికెల్లినాక. నీకు తెలుసనే అనుకున్నానే ఇన్నాల్లూ."

నేను చదువుకున్నదాన్నే. శనగలు ఉడకబెట్టి నాటితే మొలుస్తాయా అని ఎవరైనా అడిగితే నవ్వేదాన్ని. వాక్కాయల దగ్గర మాత్రం ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. మొలిచినవి నా కళ్ళతో చూశాను మరి.

"నానమ్మకి తెలుసా?" అని అడిగాను.

"మా అమ్మకి తెలవకపోడమేటి? జీవితమంతా ఆ సాసు కాసిన మనిసి. మొలవవని తెలిసే ఆ మాటంది. మూకుడు సంగతికి మా అయ్య తప్పైనాదని ఒక్క మాటా అన్లేదని కోపం. మొలకలు సూసిన రోజు నాతో అంది, 'మీ అయ్య నోటితో సెప్పనేడురా. సేత్తో సెప్పినాడు' అని."

ఫోన్ పెట్టేశాక కాసేపు కుండీ పక్కనే కూర్చున్నాను. నా కంచె నాది కాకుండా పోయిందని ఒక్క నిమిషం చిన్నబుచ్చుకున్నాను. తర్వాత కద్మాకీ గోవింద్‌పూర్‌కీ మధ్య ఉన్న ఆ దారి అంతా గుర్తొచ్చింది. సాక్చి బజారు రద్దీలో, తడిగుడ్డలో పళ్ళు కట్టుకుని, సైకిల్ దిగి నడుస్తున్న తాత కనిపించాడు. ఏడుపొచ్చింది. సంతోషంగానే ఏడ్చాను.

ఈ రోజు పాప బడికి వెళ్ళాక మళ్ళీ రైతుబజారుకి వెళ్ళాను. పళ్ళు ఇంకా వస్తున్నాయి. బాల్కనీలో కూర్చుని తొడిమలు తీసి, ఒక్కో పండూ చీల్చి గింజలు తీశాను. నూనె సీసా పక్కనే ఉంది, రాసుకోలేదు. కుండీలో మట్టి కదిపి, గింజలు వేసి, అరచేత్తో మెల్లగా ఒత్తాను.

సాయంత్రం పాప వచ్చీ రాగానే కుండీ చూసింది, తర్వాత నన్ను చూసింది. ఈసారి నాకు కష్టంగా లేదు.

"అమ్మా, నీ వేళ్ళకి ఆ నలుపేంటి?"

"సైకిల్ గ్రీజు" అన్నాను.

పాప తల ఊపి, నీళ్ళ చెంబు కోసం లోపలికి పరిగెత్తింది. మా ఇంట్లో సైకిల్ లేదు.